పదిహేడో ల్యాప్

ఫిబ్రవరి 9, ఆదివారం

మధ్యాహ్నం 3 గంటల 47 నిమిషాలకు, రేసు ముగిసిందని చెప్పే గళ్ల జెండా ఊపాను. రేసు అప్పటికి ఇంకా ఒక ల్యాప్ మిగిలే ఉంది.

మిగతా వివరాలు అంత ముఖ్యం కావు. అయినా రాస్తాను. జెండా అధికారిని కాకముందు ముప్పై ఒక్క ఏళ్లు పత్రికలో రేసుల వార్తలు రాసినవాణ్ని. రాయకపోతే అన్నం సయించదు.

జాతీయ చాంపియన్‌షిప్ ఎనిమిదో రౌండ్. పద్దెనిమిది ల్యాప్‌ల రేసు. కార్లన్నీ వరసలో నిలబడ్డాక ఒకడి ఇంజిన్ ఆగిపోయింది. అలాంటప్పుడు అందరూ ఇంకోసారి వార్మప్ చుట్టు తిరిగి రావాలి. అందుకు బదులు రేసులో ఒక ల్యాప్ కోత పడుతుంది. రూలు నాకు తెలుసు. ఎవరూ చెప్పకముందే ల్యాప్‌లు లెక్కపెట్టుకునే నా కార్డు మీద 18 కొట్టేసి 17 వేశాను. కాసేపటికి హెడ్‌సెట్‌లో టవర్ నుంచి గొంతు, అక్కడ ల్యాప్‌లు, టైములు చూసే మా లెక్కల మాస్టారిది: "ఒక ల్యాప్ తగ్గించుకో." తగ్గించుకున్నాను. 17 కొట్టేసి 16 వేశాను.

మాస్టారు ఆ మాట ఇంకాస్త వివరంగా చెప్పాల్సింది. "ఇదివరకే తగ్గించి ఉంటే అక్కర్లేదు" అని. చెప్పలేదు. కాబట్టి తప్పులో సగం టవర్‌ది.

పదిహేను పూర్తవగానే "చివరి ల్యాప్" బోర్డు చూపించాను. పదహారో ల్యాప్‌లో, ఆఖరి మలుపు దగ్గర, 27వ నంబరు కారు లోపలి వైపు నుంచి దూరి 4వ నంబరును దాటేసింది. అది ముగింపు గీతకు రెండు వందల మీటర్ల దూరంలో ఉండగా జెండా ఎత్తాను. నిండుగా, హుందాగా ఎత్తాను.

హెడ్‌సెట్ పనిచేయలేదు.

27వ నంబరు కారు మా ఆవిడ తమ్ముడి కూతురిది. ఈ సంగతికీ జెండాకీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

మొదటి బహుమతి కప్పు ఫ్రిజ్ మీద పెట్టి ఉంది. ఇంట్లో ఎవరూ దాని వంక చూడడం లేదు.

మా మేనకోడలి ముద్దుపేరు మిరియం. చిన్నప్పుడు సైజును బట్టి పెట్టారు, ఇప్పుడు ఘాటును బట్టి నిలిచిపోయింది. ఇరవై మూడేళ్లు. మా ఊరి రేసు సర్క్యూట్‌లోని డ్రైవింగ్ స్కూల్లో చేరినప్పటి నుంచి, అంటే నాలుగేళ్లుగా, మా ఇంట్లోనే ఉంటోంది. పొద్దున టీ తాగుతూ అడిగింది:

"మామయ్యా, నిన్న గెలిచింది నేనా, నువ్వా?"

"నువ్వే. జెండా పడేసరికి ముందున్నది నీ కారే. అది వాస్తవం."

"మరి ఊళ్లో వాళ్లంతా నీకెందుకు అభినందనలు చెప్తున్నారు?"

మా ఆవిడ మధ్యలో అందుకుంది. ఆ జెండా కుట్టింది తనే. "అరవై నాలుగు గళ్లండీ. తెలుపొకటి, నలుపొకటి, ఒక్కటి తప్పకుండా లెక్కపెట్టి కుట్టాను. మీరు పదిహేడు లెక్కపెట్టలేకపోయారు."

4వ నంబరు డ్రైవర్ నిన్న సాయంత్రం 6 గంటల 10 నిమిషాలకే ఫిర్యాదు ఇచ్చాడు. అతన్ని అందరూ సైలెన్సర్ అంటారు. కారుకు ఉంది, అతనికి లేదు. పొద్దున లేచింది మొదలు వాగుతూనే ఉంటాడు. ఫిర్యాదు మాత్రం క్లుప్తంగా ఉంది. వాళ్ల నాన్న రాసి ఉంటాడు. "జెండా ఊపిన వ్యక్తి గెలిచిన అమ్మాయికి మామ." ఎడిటింగ్ అక్కర్లేని వాక్యం. ఒప్పుకుంటాను.

సీజన్ మొదట్లో అధికారులందరం ఒక ఫారం నింపాం. "పోటీదారుల్లో మీ రక్తసంబంధీకులు ఉన్నారా?" నేను "లేరు" అని రాశాను. భార్య తమ్ముడి కూతురు రక్తసంబంధం కాదు. అడిగినదానికి జవాబు చెప్పాను. అడగనిదానికి చెప్పమని ఎవరూ అనలేదు.

బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నువ్వు మా అమ్మాయికి మంచి చేశావా, చెడు చేశావా? ఏడవాలో నవ్వాలో తెలియక ఫోన్ చేశా."

నాకూ తెలియలేదు. లైను సరిగ్గా లేదని పెట్టేశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

హెడ్‌సెట్‌ను పరీక్షించారట. బాగానే పనిచేస్తోందట.

ఇవాళ పనిచేస్తోంది. ఆదివారం పనిచేయలేదు. యంత్రాలన్న తర్వాత అంతే.

ఫిబ్రవరి 12, బుధవారం

ఎవరో గ్యాలరీలో కూర్చుని ఫోన్‌లో తీసిన వీడియో చూశాను. జెండా స్టాండ్ మీద ఉన్న మనిషికి నా చొక్కా, నా టోపీ ఉన్నాయి. 27వ నంబరు మలుపులోంచి బయటకు రాగానే ఆ మనిషి ఎగిరాడు. రెండుసార్లు. జెండాను దులపడానికి తెచ్చిన దుప్పటిలా ఊపాడు. పక్కన రెయిలింగ్‌కు ఒక హెడ్‌సెట్ వేలాడుతోంది.

ఎండగా ఉంది ఆ రోజు. హెడ్‌సెట్ చెవులకు బిగుతుగా ఉంటుంది.

మధ్యాహ్నం కంట్రోల్ రూమ్‌లో సమావేశం. సర్క్యూట్ డైరెక్టర్ మేడమ్, మాస్టారు, మిరియం, సైలెన్సర్, వాళ్ల నాన్న, నేను. మేడమ్ ముందు రేడియో రికార్డింగ్ వినిపించారు. నేను బోర్డు చూపించినప్పటి నుంచి జెండా ఎత్తేదాకా నూట పన్నెండు సెకన్లు. ఆ లోపల మాస్టారు ఏడుసార్లు అరిచాడు. "ఒరేయ్, ఇంకోటుందిరా!" అని ఆరుసార్లు. ఏడోసారి అన్నది లెక్కల మాస్టారు అనాల్సింది కాదు. ముప్పై ఏళ్లు బడిపిల్లల్ని తిట్టకుండా దాచుకున్నదంతా ఒకేసారి నా మీద ఖర్చు పెట్టాడు.

తర్వాత మేడమ్ రూలు పుస్తకం తెరిచి చదివారు. నిర్ణీత ల్యాప్‌లు పూర్తికాకముందే జెండా చూపిస్తే, దానికి ముందు మొదటి కారు చివరిసారి గీత దాటిన క్షణానికే రేసు ముగిసినట్టు లెక్క.

అందరికంటే ముందు లెక్క తేలింది మిరియానికి.

"అంటే పదిహేనో ల్యాప్," అంది. "పదిహేనో ల్యాప్‌లో ముందున్నది వీడు."

"సున్నా పాయింట్ నాలుగు సెకన్ల తేడాతో," అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

అంటే నేను ఎగిరి గంతులేసిన ఆ దాటడం రికార్డులో ఉండదు. జరగలేదు. సైలెన్సర్ మొదటి స్థానం, మిరియం రెండో స్థానం.

సైలెన్సర్ వాళ్ల నాన్న కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. "మేడమ్, మేం ఆవేశంలో ఏదో రాశాం. సార్ పెద్దమనిషి. ఇన్నేళ్ల అనుభవం. కావాలని చేస్తారా? మా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం." లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు కూడా. పది నిమిషాల కింద ఆ చెయ్యి నరకాలన్నట్టు చూశాడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నా విచారణ ఆగదు, సోమవారం రేసింగ్ సమాఖ్య నుంచి ముగ్గురు వస్తున్నారు అన్నారు మేడమ్. వాళ్లు తేల్చాల్సినవి రెండు. నేను చేసింది పొరపాటా, కావాలనా? ఫైనల్ ఇక్కడ జరగాలా, వద్దా?

ఫైనల్ 23న. మిరియం ఒక్క పాయింటు ముందుండి ఈ రౌండుకు వచ్చింది. ఆ గెలుపు నిలిచి ఉంటే ఎనిమిది ముందుండేది, ఫైనల్‌లో రెండో స్థానం సరిపోయేది. ఇప్పుడు ఆరు వెనక. చాంపియన్ ఒక్కరికే బయటి దేశాల సిరీస్‌లో ఏడాది సీటు. రెండో స్థానానికి చప్పట్లు.

ఫిబ్రవరి 13, గురువారం

మిరియం కప్పును గుడ్డలో చుట్టి మేడమ్‌కి ఇచ్చి వచ్చింది. వచ్చాక నా గది గుమ్మంలో నిలబడి అంది:

"ఆదివారం గెలిపించావని తిట్లు తిన్నాను. బుధవారం ఓడించావు. మామయ్యా, వారంలో ఇంకా మూడు రోజులున్నాయి, ఏం చేద్దామనుకుంటున్నావు?"

నవ్వలేదు. జోకు వేసి నవ్వకపోతే మిరియానికి నిజంగా కోపం వచ్చిందని అర్థం.

రూలు పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. ఈసారి అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నవీ చదివాను. అధికారి ఎవరైనా ఉద్దేశపూర్వకంగా ఫలితాన్ని ప్రభావితం చేసినట్టు తేలితే రేసు మొత్తం రద్దు. ఫైనల్‌కు ముందు రోజు మళ్లీ పెట్టాలి.

మళ్లీ పెట్టాలి. అంటే మిరియం మళ్లీ ఒక్క పాయింటు ముందు.

ఈ వాక్యం నాలుగుసార్లు చదివాను. ఊరికే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఒక ప్రకటన రాసి చూశాను. వార్త రాసినట్టే రాశాను, అలవాటు. "జాతీయ రేసులో జెండా అధికారి తన మేనకోడలిని గెలిపించే ఉద్దేశంతో ముందుగానే జెండా ఊపినట్టు సోమవారం అంగీకరించారు." చక్కగా కుదిరింది. ఒక్క విశేషణం లేదు. ఒక్క నిజమూ లేదు.

పోయేదేముంది అనుకున్నాను. నా వయసు అరవై ఒకటి. జీవితకాల నిషేధం వేస్తే మహా అయితే పదేళ్లు.

మా ఆవిడ కాగితం చూసింది. చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"ఇది ఇచ్చారంటే ఫైనల్ ఇక్కడ పెడతారా?"

"బహుశా పెట్టరు."

"ఇంకెక్కడ పెడతారు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. అదే ఇబ్బంది. ఈ సర్క్యూట్ రాకముందు జాతీయ రేసులు పాడుబడ్డ విమానాశ్రయం రన్‌వే మీద జరిగేవి. మలుపుల దగ్గర గడ్డి మోపులు, పాత టైర్లు. ఒకసారి కారు గడ్డిలోకి దూసుకెళ్తే ఊళ్లోంచి అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నేను గడియారం చూస్తూ నిలబడ్డాను, ఎందుకంటే వార్తలో సమయం ఉండాలి. ఆ డ్రైవర్ బతికాడు, మళ్లీ నడవలేదు. ఇప్పుడు నాలుగు కిలోమీటర్ల ట్రాకు, పన్నెండు మలుపులు, పక్కనే ఆస్పత్రి గది. రెస్క్యూ బండి ఏ మలుపుకైనా తొంభై సెకన్లలో చేరాలి, ప్రతి రేసు ముందూ పరుగు పెట్టించి చూస్తారు. దేశంలో గత తొమ్మిదేళ్లలో రేసింగ్ లైసెన్సు తీసుకున్న ప్రతి పదిమందిలో ఏడుగురు ఇక్కడ నేర్చుకున్నవాళ్లే. తొమ్మిది జాతీయ రౌండ్లలో అయిదు ఇక్కడే. మేడమ్ పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి కట్టించారు. ఇక్కడ ఫైనల్ తీసేస్తే మిగిలింది మళ్లీ ఆ రన్‌వేనే.

ఇదంతా మా ఆవిడతో చెప్పలేదు. "ఆలోచిస్తాను," అన్నాను.

"ఆలోచించండి. ఈసారి ఒక్కసారే ఆలోచించండి. రెండుసార్లు తీసేయకండి."

ఫిబ్రవరి 15, శనివారం

నిర్ణయించుకున్నాను. ప్రకటన ఇస్తాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవ్వను.

జరిగింది ఇది. పొద్దున తొమ్మిదింటికి మిరియం వరండాలో హెల్మెట్ తుడుచుకుంటోంది. ఆ కాగితం దాని ఒళ్లో ఉంది. మా ఆవిడ మడిచి పెట్టింది పెట్టినట్టే ఉందనుకున్నాను. ఈ ఇంట్లో ఏదీ పెట్టింది పెట్టినట్టు ఉండదు.

"బాగా రాశావు మామయ్యా. నీ ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటి అబద్ధం అనుకుంటా. చేయి తిరిగినట్టే ఉంది."

"రేసు మళ్లీ పెడతారే. నీకు అవకాశం వస్తుంది."

"వస్తుంది. ఆ తర్వాత నేను ఎక్కడ గెలిచినా పక్కన ఒక మామయ్య ఉంటాడు. నాలుగేళ్లలో నేను గెలిచినవన్నీ తవ్వుతారు. ఏ రేసుకి జెండా ఎవరు ఊపారు, టైమ్ ఎవరు రాశారు, అన్నీ. సైలెన్సర్ గాడికి ఇంకేం కావాలి? వాడికి వందేళ్లు మాట్లాడటానికి సరిపడా సరుకు."

హెల్మెట్ పక్కన పెట్టింది.

"ఇంకోటి చెప్పనా? ఆ మలుపులో నేను దూరింది నువ్వు చివరి ల్యాప్ బోర్డు చూపించావు కాబట్టి. నా వెనక టైర్లు అప్పటికే అయిపోయాయి. ఇంకో ల్యాప్ ఉందని తెలిస్తే దూరేదాన్నే కాదు. తర్వాతి మలుపులో వాడు నన్ను మళ్లీ దాటేసేవాడు. నువ్వు లెక్క సరిగ్గా పెట్టి ఉంటే అసలు దాటడమే లేదు."

"అంటే నువ్వు గెలిచేదానివి కాదా?"

"తెలీదు. అదే కదా నా ఏడుపు. తెలిసేది, నువ్వు తెలియనివ్వలేదు."

ఆ తర్వాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. చెత్తబుట్టలో వేయలేదు, నా చేతిలో పెట్టింది. లెక్కపెట్టుకోమంది.

నాలుగే.

ఫిబ్రవరి 17, సోమవారం

విచారణ ఉదయం 11 గంటలకు మొదలై 12 గంటల 25 నిమిషాలకు ముగిసింది. ముగ్గురు సభ్యులు. మధ్యలో కూర్చున్నాయన ప్రశ్నలు అడిగాడు. నా జవాబులు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

"జెండా ఎందుకు ముందుగా ఊపారు?"

"తగ్గాల్సిన ఒక్క ల్యాప్‌ను రెండుసార్లు తగ్గించాను. ఒకసారి నేనే. ఒకసారి టవర్ చెప్పాక." పెన్సిల్ కార్డు బల్ల మీద పెట్టాను. 18, కొట్టివేత, 17, కొట్టివేత, 16.

"టవర్ మీద మీకేమైనా ఫిర్యాదు ఉందా?"

మాస్టారు గోడవైపు చూస్తున్నాడు.

"లేదు. ఆయన సరిగ్గానే చెప్పాడు."

"హెడ్‌సెట్ పనిచేయలేదని రాసిచ్చారు."

"పనిచేసింది. పన్నెండో ల్యాప్‌లో నేనే తీసి రెయిలింగ్‌కు తగిలించాను."

"ఎందుకు?"

ఇక్కడ కొంచెం ఆలస్యమైంది. "27వ నంబరు ఇంజిన్ చప్పుడు సరిగ్గా వినబడటం లేదు. వినాలనిపించింది."

"ఆ కారు మీ బంధువుది. ఫారంలో లేరని రాశారు."

"రక్తసంబంధం అని అడిగారు. కాదు. కానీ నాలుగేళ్లుగా మా ఇంట్లో ఉంటోంది. పొద్దున టీ నేనే పెడతాను. నేను రాయాల్సింది."

మేడమ్ లేచారు. "ఆ అమ్మాయి వీళ్లింట్లో ఉంటుందని నాకూ తెలుసండీ. తెలిసీ ఈయన్ని స్టాండ్ ఎక్కించాను. అందులో నా తప్పు కూడా ఉంది."

"వీడియోలో మీరు ఎగిరారు," అన్నాడు ఆయన.

"అవును. రెండుసార్లు."

"మూడు."

"రెండండీ. నేను చూశాను."

మళ్లీ వేసి చూపించారు. మూడే.

ముగ్గురిలో ఒకావిడ నవ్వు ఆపుకోలేక నీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకుంది. మధ్యలో కూర్చున్నాయన కాగితం మీద ఏదో రాసుకుని, "ఈయన కావాలని మోసం చేశాడని ఇక నేను నమ్మలేను," అన్నాడు. "మోసం చేసేవాడికి లెక్క వచ్చి ఉండాలి."

నిర్ణయం: పొరపాటు. పదిహేనో ల్యాప్ స్థానాలే ఖాయం. సైలెన్సర్ మొదట, మిరియం రెండో స్థానం. నాకు జెండా విధుల నుంచి ఏడాది నిషేధం. ఫైనల్ ఇక్కడే. కానీ ఇక మీదట ట్రాకు మీద ఎవరికి ఏ అంకె చెప్పినా, విన్నవాడు దాన్ని పైకి తిరిగి చెప్పాలి. చెప్పేదాకా అది విన్నట్టు కాదు. ఈ పద్ధతిని దేశంలోని మిగతా ట్రాకులన్నిటికీ పంపుతారట.

ముప్పై ఒక్క ఏళ్లు రాసిన వార్తల వల్ల ఒక్క రూలూ మారలేదు. ఒక్క తీసివేత తప్పితే మారింది.

బయటకు వచ్చాక సైలెన్సర్ మిరియం దగ్గరికి వచ్చాడు. "దాటావు కదా. నాకు తెలుసు," అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేను టైమ్ చూసుకున్నాను. పూర్తిగా ఒక నిమిషం నోరు మూసుకుని ఉన్నాడు.

మాస్టారు నా పక్కన నడుస్తూ, "ఏడోసారి అన్నది వెనక్కి తీసుకుంటున్నాన్రా," అన్నాడు.

"మొదటి ఆరూ?"

"అవి ఉంచుకో."

ఫిబ్రవరి 18, మంగళవారం

జెండా ఇంటికి తెచ్చాను. మా ఆవిడ ఉతికి ఆరేసింది. తీగ మీద చూస్తే చిన్నగా ఉంది.

ఫిబ్రవరి 20, గురువారం

మిరియం అడిగింది: "మామయ్యా, ఆదివారం ఖాళీయేనా?"

"గ్యాలరీలో కూర్చుంటాను. టికెట్ కొనుక్కుని."

"అక్కర్లేదు. పిట్ గోడ దగ్గర మా బోర్డు పట్టుకునేవాడికి కాలు బెణికింది. నువ్వు పట్టుకో."

ట్రాకు పక్కన కార్లు ఆపుకునే చోటు పిట్, దాని గోడ దగ్గర నుంచి తమ డ్రైవర్‌కి బోర్డు చూపిస్తారు. ముందున్నవాడికీ మనకీ తేడా ఎంత, ఇంకా ఎన్ని ల్యాప్‌లు మిగిలాయి. ల్యాప్‌ల అంకె రెండో గడిలో ఉంటుంది. నేను ఆమె మొహం వంక చూశాను. ఈసారి నవ్వుతోంది.

"అంకెలు మా ఇంజినీర్ పెడతాడు," అంది. "నువ్వు పైకి ఎత్తడమే. ఎత్తడం నీకు బాగా వచ్చు, దేశమంతా చూసింది."

"నిషేధం ఉంది కదే నాకు."

"జెండాకి. బోర్డుకి లేదు. రూలు చదివాను." కాస్త ఆగి అంది, "కాలు బెణికినవాడు నిన్న బాగానే నడుస్తున్నాడు. అది మాత్రం ఎక్కడా రాయకు."

రాశాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఇవాళ ప్రాక్టీసు. బోర్డు నాలుగు కిలోలు ఉంటుంది, రెండో ల్యాప్‌కే భుజాలు లాగాయి. ప్రతి ల్యాప్‌కూ ఇంజినీర్ అంకె చెప్పాడు, నేను తిరిగి చెప్పాను, అప్పుడు ఎత్తాను. హెడ్‌సెట్ జారకుండా మా ఆవిడ నా తలకు గుడ్డపట్టీ కట్టి మరీ బిగించింది. చెవులకు బిగుతుగానే ఉంది. ఇంజిన్ చప్పుడు సగం వినబడదు. అలాగే ఉండనిచ్చాను.

అర్హత రౌండ్‌లో సైలెన్సర్ మొదటి స్థానం, మిరియం రెండో స్థానంలో అతని పక్కనే. ఆరు పాయింట్లు వెనక. గెలిస్తే ఇరవై అయిదు, రెండో స్థానానికి పద్దెనిమిది. సైలెన్సర్ రెండో స్థానంలో వచ్చినా సరే, ఆమె గెలిస్తే ఒక్క పాయింటుతో చాంపియన్. ఈ లెక్క మూడుసార్లు వేశాను. మాస్టారితో ఒకసారి వేయించాను.

రేపటి కార్యక్రమం: 1 గంట 45 నిమిషాలకు పిట్ గోడ దగ్గర ఉండాలి. 2 గంటల 10కి కార్లు వరసలోకి వస్తాయి. 2 గంటల 30కి ఫైనల్ మొదలు. మొత్తం ఇరవై రెండు ల్యాప్‌లు. ఎవరి ఇంజినైనా ఆగిపోతే ఇరవై ఒకటి. తగ్గించేది టవర్, నేను కాదు.

ఇరవై రెండు.